కాగితం వణికితే అట్టముక్క పట్టుకో

మాటతీరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సెమినార్లు, ప్రాజెక్ట్ రివ్యూలు దగ్గర పడుతున్నట్టున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు కాలేజీ పిల్లలవే. నేను 11 ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాను. ఆ తర్వాత 14 ఏళ్లుగా, నలుగురి ముందు నిలబడి మాట్లాడడం ఎలాగో విద్యార్థులకు నేర్పుతున్నాను. కొన్ని ఉత్తరాలకు వివరంగా రాయక తప్పలేదు. కొన్నింటికి రెండు ముక్కలు చాలనిపించింది.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్నేహితుల మధ్య గలగలా మాట్లాడతాను. సెమినార్ అనగానే ముందు రోజు రాత్రి నుంచే నిద్ర పట్టదు. క్లాసు ముందు నిలబడితే గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. నా వణుకు అందరూ చూస్తున్నారని గుర్తొస్తే అది ఇంకా పెరుగుతుంది. ఏం చేయాలి?

అమ్మా, ముందు ఆ వణుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకో. అరవై జతల కళ్లు ఒక్కసారిగా నీ వైపు తిరిగేసరికి నీ శరీరం దాన్ని ప్రమాదం కింద లెక్కేస్తుంది. రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది. గుండె వేగం పెంచి కండరాలకు రక్తం తోలుతుంది. అరుగుదల లాంటి పనులను ఆ కాసేపు పక్కన పెట్టేస్తుంది. లాలాజలం తగ్గి నాలుక పిడచకట్టుకుపోయేది అందుకే. పరుగెత్తడానికి సిద్ధమైన కాళ్లూ చేతులను కదలకుండా ఒకచోట నిలబెడితే అవి వణకక ఏం చేస్తాయి? దీన్ని పిరికితనం అనుకోకు. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త హాల్లో మొదటి నిమిషం నా గుండె వేగంగానే కొట్టుకుంటుంది.

ఇక అందరూ చూస్తున్నారన్న మాట. కిందటేడు ఒక శిక్షణ తరగతిలో ఒక అబ్బాయి ఏ4 కాగితం రెండు చేతులతో పట్టుకుని మైక్ ముందుకు వచ్చాడు. చేతుల్లో ఉన్నది చిన్న వణుకే. కానీ కాగితం పల్చగా, పొడుగ్గా ఉండడంతో దాని పై అంచు జెండాలా కొట్టుకుంది. ఆ టపటప మైక్‌లో పడి హాలంతా వినిపించింది. ఆ చప్పుడు విని అతనికి చెమటలు పట్టాయి. నేను లేచి వెళ్లి కాగితం తీసుకున్నాను. పాత నోట్‌బుక్ అట్ట చింపి, అరచేయంత ముక్క చేసి, దాని మీద అతని విషయంలోని అయిదు మాటలు పెద్ద అక్షరాలతో రాయించాను. అదే చెయ్యి, అదే వణుకు. అట్టముక్కలో ఏమీ కనిపించలేదు. వెనక బెంచీల వాళ్లను అడిగితే, అట్టముక్కతో మాట్లాడినప్పుడు వణుకుతున్నాడని తమకు తెలియనే లేదన్నారు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎంతగా బయటపడిందని అనుకున్నారో, వినేవాళ్లకు అంతగా కనిపించలేదని తేలింది. ఈ సంగతి ముందుగా చెప్పి మాట్లాడించిన వాళ్లు, చెప్పకుండా మాట్లాడించిన వాళ్లకన్నా బాగా మాట్లాడారు. అందుకే నీకూ చెబుతున్నాను. నీ గుండె చప్పుడు నీ చెవులకే వినిపిస్తుంది.

ఇక చేయాల్సినవి. మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠతా పట్టు, మిగతావి వద్దు. అడ్రినలిన్ జోరు ఎక్కువగా ఉండేది ఆ మొదటి నిమిషంలోనే. అప్పుడు ఆలోచించే పని లేకుండా నోరు తనంతట తాను కదలాలి. నీ పేరు పిలవకముందు, పీల్చిన దానికన్నా వదలడానికి ఎక్కువసేపు పట్టేలా నాలుగైదు సార్లు ఊపిరి తీసి వదులు. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే కొంత నెమ్మదిస్తుంది. వీలైతే క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, నిలబడబోయే చోట ఒకసారి నిలబడి చూడు.

ఇంకొకటి. "టెన్షన్ పడకు, టెన్షన్ పడకు" అని నీకు నువ్వు చెప్పుకోకు. ఉరకలేస్తున్న గుండెను ఒక్క మాటతో నిద్రపుచ్చలేం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్న వాళ్లకన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లే విన్నవాళ్లను ఎక్కువగా ఆకట్టుకున్నారు. ఉత్సాహంలోనూ గుండె వేగంగానే కొట్టుకుంటుంది కదా. అందుకే శరీరం ఆ మాటను ఒప్పుకుంటుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రసంగం మొత్తం రాసుకుని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పడతాను. ఇంట్లో బాగానే వస్తుంది. స్టేజ్ మీద ఒక్క మాట మర్చిపోతే చాలు, ఆ తర్వాతది ఏదీ గుర్తు రాదు. జ్ఞాపకశక్తి పెంచుకోవడానికి మార్గం చెప్పండి మేడమ్.

బాబూ, నీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. ప్రసంగం మొత్తం బట్టీ పట్టగలిగిన వాడివి! లోటంతా బట్టీలోనే ఉంది. బట్టీ పట్టిన మాటలు గొలుసులా ఒకదాని కొక్కెం ఒకదానికి తగిలి ఉంటాయి. మధ్యలో ఒక్క కొక్కెం ఊడితే కిందివన్నీ జారిపోతాయి.

నాకూ జరిగింది. పీజీలో నా సెమినార్ విషయం పత్రరంధ్రాలు. ఆకు మీద ఉండే ఆ సన్నని రంధ్రాలు ఎలా తెరుచుకుంటాయి, ఎలా మూసుకుంటాయి అని చెప్పాలి. తొమ్మిది పేజీలు రాసి వారం రోజులు బట్టీ పట్టాను. మూడో పేజీలో "పొటాషియం అయాన్లు రక్షక కణాల్లోకి ప్రవేశించిన పిమ్మట" అనే చోట ఆగిపోయాను. ఆ "పిమ్మట" తర్వాత ఏముందో ఎంతకీ తట్టలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక అధ్యాపకుడు నవ్వి, "చిలక పలుకులు అయిపోయాయా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చుండిపోయాను. ఇన్నేళ్లయినా ఆ నవ్వు నాకు గుర్తుంది.

ఆ రాత్రి హాస్టల్లో, ఆర్థికశాస్త్రం చదివే నా రూమ్‌మేట్ అడిగింది: "అసలు ఆకుకి రంధ్రం ఎందుకే? తెరుచుకోవడమేంటి?" ఎవరి పుట్టినరోజుకో తెచ్చిన పొడుగాటి బెలూన్లు రెండు గదిలో పడి ఉన్నాయి. ఊదకముందే ఒక్కోదానికి ఒక పక్కన పొడుగునా టేప్ అంటించాను. టేప్ ఉన్న పక్కలు ఎదురెదురుగా ఉండేలా ఆనించి పెట్టి, ఇద్దరం చెరొకటి ఊదాం. టేప్ ఉన్న పక్క సాగలేదు, బయటి పక్క సాగింది. రెండు బెలూన్లూ విల్లులా వంగి, మధ్యలో కన్ను తెరిచినట్టు సందు ఏర్పడింది. "ఇవే రంధ్రానికి చెరో పక్కన ఉండే రక్షక కణాలు. లోపలి గోడ మందం. పొటాషియం లోపలికొస్తే దాని వెంట నీళ్లొస్తాయి, కణాలు ఉబ్బుతాయి, ఇలా వంగుతాయి, రంధ్రం తెరుచుకుంటుంది. నీళ్లు పోతే మూసుకుంటుంది" అన్నాను. దానికి అర్థమైంది. చెప్పడం అయ్యాక చూసుకుంటే, నా తొమ్మిది పేజీల్లోని వాక్యం ఒక్కటీ వాడలేదు. ఎక్కడా ఆగలేదు కూడా.

ఏమిటి తేడా? పొద్దున నేను వాక్యాలను గుర్తుచేసుకుంటూ నిలబడ్డాను. రాత్రి ఒక మనిషికి ఒక సంగతి చెప్పాను. తరువాతి వారం అడిగి మళ్లీ అవకాశం తీసుకున్నాను, బెలూన్లతో వెళ్లాను.

నువ్వు ఇలా చెయ్యి. రాసుకోవడం మంచిదే, రాస్తే ఆలోచన తేటపడుతుంది. రాశాక ఆ కాగితం మడిచి పక్కన పెట్టు. విషయాన్ని అయిదారు మజిలీలుగా చేసి, ఒక్కో మజిలీకి ఒక్క మాట అట్ట మీద రాసుకో. లేచి నిలబడి, కాగితం చూడకుండా, గొంతు విప్పి, మొదటి నుంచి చివరి దాకా చెప్పు. ఆగిపోతావు. ఎక్కడ ఆగావో అక్కడ నీకు విషయమే సరిగా పట్టుబడలేదని అర్థం. ఆ ఒక్క చోటే మళ్లీ చదివి, మళ్లీ మొదటి నుంచి చెప్పు. ప్రతిసారీ మాటలు వేరుగా వస్తాయి. రానీ. అలా వస్తున్నాయంటే గొలుసు తెగి విషయం నీదైందన్నమాట.

మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, అదే మోసం. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో విద్యార్థులతోనే దీన్ని పరీక్షించారు. చదివిన అయిదు నిమిషాలకు అడిగితే మళ్లీ మళ్లీ చదివిన వాళ్లు ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం సాధన చేసిన వాళ్లు ముందున్నారు. నీ సెమినార్ వచ్చేది వారం తర్వాతే కదా.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ప్రెజెంటేషన్లన్నీ ఇంగ్లీషులోనే ఇవ్వాలి. తెలుగులో అయితే విషయం మొత్తం చెప్పగలను. ఇంగ్లీషులో మొదలుపెట్టిన వాక్యం ఎక్కడ ముగించాలో తెలియక నీళ్లు నములుతున్నాను.

నీ ఇబ్బందిని నువ్వే చక్కగా చెప్పావమ్మా, వాక్యం ముగియడం లేదని. కారణం మన రెండు భాషల నడకలోనే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. "నీళ్లు లోపలికి వెళ్లడం వల్ల ఉబ్బిన కణాలు బయటికి వంగడంతో వాటి మధ్య ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది" అని ఎంత పొడుగు వాక్యమైనా చివరికి లాక్కెళ్లి ఒక క్రియతో ముడి వేసేస్తాం. ఇంగ్లీషులో కర్త వెనకే క్రియ వచ్చి నిలబడాలి. ఇంత పొడుగు తెలుగు వాక్యాన్ని తలలో మోస్తూ ఇంగ్లీషులో దించబోతే, మొదటి అడుగులోనే ఏ క్రియ వాడాలో తేల్చుకోలేక ఇరుక్కుంటాం. వ్యాకరణం రాకపోవడం కన్నా ఈ మోత బరువే ఎక్కువ.

అందుకని ముందు తెలుగు వాక్యాన్నే విరగ్గొట్టు. "నీళ్లు లోపలికి వెళ్తాయి. కణాలు ఉబ్బుతాయి. బయటికి వంగుతాయి. రంధ్రం తెరుచుకుంటుంది." ఇప్పుడు ఒక్కోదాన్ని ఇంగ్లీషులో చెప్పి చూడు. మూడు నాలుగు మాటల వాక్యాలు, నీకు వచ్చినవే. పొట్టి వాక్యాలు చిన్నతనం అనుకోకు. వినేవాళ్లు వెనక్కి తిప్పి చదువుకోలేరు కాబట్టి వాళ్లకు కావలసినవి పొట్టి వాక్యాలే. ఇంగ్లీషు బాగా వచ్చిన వాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను.

సాధన రెండు విడతలుగా చెయ్యి. మొదట తెలుగులో మొత్తం ఎవరికైనా చెప్పు. మజిలీలు గట్టిపడ్డాక అదే వరసలో ఇంగ్లీషులో చెప్పు. నీ విషయంలో మాటిమాటికీ వచ్చే ఓ ఇరవై పదాలు రాసుకుని, ఫోన్‌లోని డిక్షనరీలో ఒక్కోదాని ఉచ్చారణ విని, పైకి పలుకు. నాలుక తడబడేది చాలావరకు ఆ పదాల దగ్గరే. ఒక్కటి మాత్రం చేయకు: "నా ఇంగ్లీషు బాగోదు, క్షమించండి" అని మొదలుపెట్టకు. అప్పటిదాకా నీ విషయం వినడానికి కూర్చున్నవాళ్లు అక్కడి నుంచి నీ ఇంగ్లీషు వినడం మొదలుపెడతారు.

ప్రశ్న: పది నిమిషాలు ఇస్తే అయిదు నిమిషాల్లో అయిపోతోంది. ఇంట్లో చూసుకుంటే సరిగ్గా పది వస్తుంది. ఎందుకు?

ఇంట్లో కూర్చుని, నింపాదిగా, మధ్యమధ్యలో ఆగి కాగితం చూసుకుంటూ చదివి ఉంటావు. అది లెక్కలోకి రాదు. నిలబడి, పైకి మాట్లాడుతూ, స్లైడ్ మార్చే సమయంతో సహా చూసుకో. దానికి తోడు కంగారులో గుక్క తిప్పుకోకుండా పరిగెడతాం. అట్టముక్క మీద సగం మజిలీ దగ్గర "5" అని రాసుకుని, అక్కడికి చేరేసరికి గడియారం చూడు. ముందే వచ్చేశావా, ఆగి, ఊపిరి తీసుకుని, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి సాగు.

ప్రశ్న: పది నిమిషాల ప్రెజెంటేషన్‌కు ఎన్ని స్లైడ్లు ఉండాలి? మా గ్రూపులో ఈ విషయం మీద రోజూ గొడవే.

గొడవ పడాల్సింది సంఖ్య గురించి కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో పరిశోధక విద్యార్థులకు ఒక పోటీ మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి చేసిన పరిశోధనను మూడు నిమిషాల్లో, ఒక్క స్లైడ్‌తో, విషయం తెలియని వాళ్లకు చెప్పాలి. ఆ స్లైడ్ కదలకూడదు, మారకూడదు. ఆ పోటీ ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. టోక్యోలో 2003లో మొదలైన పెచాకుచా పద్ధతిలో మాత్రం 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. రెండూ నడుస్తున్నాయి. ఎందుకంటే రెండింటిలోనూ స్లైడ్ మీద చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మనిషి తెర మీది వాక్యాలు చదువుతూ, అదే సమయంలో చెవితో వేరే వాక్యాలు వినలేడు. తెర నిండా రాసి పెడితే క్లాసు చదువుకుంటుంది, నిన్ను వదిలేస్తుంది. నువ్వూ తెర వైపు తిరిగి చదివితే, వాళ్లకు కనిపించేది నీ వీపు. కాబట్టి ఒక స్లైడ్‌కు ఒక సంగతి. ఆ సంగతిని శీర్షికగా పూర్తి వాక్యంలో రాయండి. "ఫలితాలు" అని కాదు, "ఉష్ణోగ్రత పెరిగితే బ్యాటరీ ఆయుష్షు తగ్గింది" అని. గ్రాఫ్ పెడితే గీత గురించి చెప్పే ముందు, అడ్డంగా ఉన్నది ఏమిటి, నిలువుగా ఉన్నది ఏమిటి చెప్పండి. ఈ ఒక్క పని చేయక ఎన్ని మంచి ప్రాజెక్టులు ఎవరికీ అర్థం కాకుండా పోయాయో నేను కళ్లారా చూశాను.

అక్షరాల సైజుకు కొలత వద్దు. అదే గదిలో తెర మీద వేసి, చివరి బెంచీ దాకా నడిచివెళ్లి చదవండి. చదవలేకపోతే పెద్దవి చేయండి, పట్టకపోతే మాటలు తీసేయండి. తెలుగు అక్షరాలున్న స్లైడ్లను వేరే కంప్యూటర్‌లో తెరిస్తే, అక్కడ ఆ ఫాంట్ లేక ఒత్తులు విడిపోవడమో, డబ్బాలు కనిపించడమో జరుగుతుంది. పీడీఎఫ్ కాపీ ఒకటి తప్పకుండా వెంట ఉంచుకోండి. పవర్‌పాయింట్ స్లైడ్ షో నడుస్తుండగా కీబోర్డు మీద బీ అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వెలుగుతుంది. ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు తెర ఆర్పి చూడండి, తలలన్నీ మీ వైపు తిరుగుతాయి. ప్రొజెక్టర్ మొరాయిస్తే? అట్టముక్క మీది అయిదు మాటలు ఉన్నాయిగా.

ప్రశ్న: ఒక శిక్షణ తరగతిలో, మనం చెప్పే విషయంలో మాటల విలువ 7 శాతమే, గొంతు 38 శాతం, హావభావాలు 55 శాతం అని చెప్పారు. అయితే విషయం మీద కష్టపడడం దండగేనా?

ఈ అంకెలను ఇలా వాడడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఇవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాల్లోంచి వచ్చినవి. ఒకే ఒక్క మాటను వేర్వేరు గొంతులతో, ముఖకవళికలతో కలిపి వినిపించి చూపించి, పలికిన వ్యక్తికి ఇష్టమా, అయిష్టమా అని అడిగిన ప్రయోగాలవి. భావం, మాట ఒకదానికొకటి ఎదురు తిరిగినప్పుడు మనిషి దేన్ని నమ్ముతాడన్నదే వాటి విషయం. భావాలు, ఇష్టాయిష్టాలు చెప్పే సందర్భాలకు తప్ప అవి వర్తించవని మెహ్రాబియనే స్పష్టం చేశారు. నీ ప్రాజెక్టును మాటలు లేకుండా చేతులు ఊపి 93 శాతం చెప్పగలవా? కష్టపడు నాన్నా, విషయం మీదే కష్టపడు.

ప్రశ్న: స్టేజ్ ఫియర్ తగ్గడానికి ఒక మాత్ర ఉందట. స్నేహితుడు తన దగ్గర ఉన్నది ఇస్తానంటున్నాడు. వేసుకోవచ్చా?

వద్దు. అతను చెబుతున్నది బహుశా ప్రొప్రనోలాల్ లాంటి బీటా బ్లాకర్ కావచ్చు. అడ్రినలిన్ గుండె మీద చూపే ప్రభావాన్ని అది అడ్డుకుంటుంది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం తెస్తుంది, గుండె వేగం, రక్తపోటు తక్కువగా ఉన్నవాళ్లకూ మంచిది కాదు. డాక్టర్ చూసి రాస్తే వేరు. ఇంకొకరి జేబులోని మాత్ర వేసుకోవద్దు. క్లాసులకే వెళ్లలేనంతగా, నెలల తరబడి భయం వేధిస్తుంటే డాక్టర్‌కు చెప్పు, దానికి మంచి చికిత్సలున్నాయి.

ప్రశ్న: చెప్పడం బాగానే చెబుతాను. చివర్లో ప్రశ్నలు అడుగుతారన్న భయంతోనే సగం చచ్చిపోతున్నాను. తెలియనిది అడిగితే పరువు పోతుంది కదా?

తెలియదని చెబితే పోదమ్మా, తెలిసినట్టు నటిస్తే పోతుంది. అడిగేవాళ్లకు విషయం తెలుసు, నీ మూడో మాటకే పట్టేస్తారు. ప్రశ్న మొత్తం విను. సగంలో అందుకోకు. తర్వాత దాన్ని నీ మాటల్లో ఒకసారి పైకి చెప్పు: "మీరు అడిగింది ఫలానా కదండీ?" దీనివల్ల వెనక వాళ్లకూ ప్రశ్న వినిపిస్తుంది, నీకు ఆలోచించుకోవడానికి నాలుగు క్షణాలు దొరుకుతాయి. తెలియకపోతే, ఎంతవరకు తెలుసో అక్కడిదాకా చెప్పి ఆగు: "మేం 40 డిగ్రీల దాకే పరీక్షించాం సర్. ఆపైన ఏమవుతుందో చూడలేదు." ఇది నిజాయితీగల జవాబు. నేను పరీక్షకురాలిగా కూర్చున్నప్పుడు ఇలా చెప్పిన పిల్లలకు ఒక్క మార్కు కూడా తగ్గించలేదు.

ముందు రోజు ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టి, నీ మీద ప్రశ్నలు కురిపించమను. నీ విషయం చదవని వాళ్లయితే మరీ మంచిది. "అసలు ఇదెందుకు?" అని వాళ్లే అడుగుతారు. అందరికన్నా కష్టమైన ప్రశ్న అదే.

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి నత్తి. క్లాసులో నవ్వుతారని సెమినార్ రోజు కాలేజీ మానేస్తున్నాను. ఇంటర్నల్ మార్కులు పోతున్నాయి. నాలాంటి వాడు మాట్లాడగలడా మేడమ్?

మాట్లాడగలవు నాన్నా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎంత తేటగా రాశావో!

పెద్దవాళ్లలో వందకు ఒకరికి దాదాపుగా నత్తి ఉంటుంది. అది తెలివికి సంబంధించింది కాదు, ధైర్యానికి సంబంధించింది అంతకన్నా కాదు. నత్తి ఉన్నవాళ్లకు ఎక్కువ అలసట తెచ్చేది దాన్ని దాచే ప్రయత్నమే. ఫలానా అక్షరం దగ్గర ఆగుతానని ముందే పసిగట్టి మాట మార్చేస్తారు, చెప్పాలనుకున్నది వదిలేసి చెప్పగలిగింది చెబుతారు. నువ్వు మాట మార్చకు. మొదట్లోనే ఒక్క వాక్యం చెప్పు: "నాకు నత్తి ఉంది. కొన్ని మాటలకు కాస్త సమయం పడుతుంది." అంతే. క్షమాపణ వద్దు, నవ్వించే ప్రయత్నం వద్దు. ఇలా మామూలుగా చెప్పేసిన వాళ్లను శ్రోతలు ఎక్కువ ఆదరంగా చూస్తారని పరిశోధనల్లో కూడా తేలింది. నా దగ్గర ఒకబ్బాయి ఈ వాక్యం చెప్పిన తర్వాత అతని భుజాలు దిగడం నేను చూశాను. అప్పటిదాకా అవి చెవుల దాకా బిగుసుకుని ఉన్నాయి.

స్పీచ్ థెరపిస్ట్‌ను కలువు, ఈ వయసులో కూడా చాలా మేలు జరుగుతుంది. బ్రిటన్ రాజు ఆరో జార్జ్‌కు నత్తి ఉండేది. 1926 నుంచి ఆస్ట్రేలియాకు చెందిన లయనెల్ లోగ్ అనే స్పీచ్ థెరపిస్ట్ దగ్గర ఏళ్ల తరబడి సాధన చేశాడు. ప్రసంగం కాగితాల మీద ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టుకునేవాళ్లు. నీ అట్టముక్క మీద కూడా ఆగే చోట గీత పెట్టుకో. మీ అధ్యాపకులను ముందుగా కలిసి కొంత అదనపు సమయం అడుగు. అడగడం నీ హక్కు.

ఈ జవాబు చదివే మిగతా పిల్లలకు ఒక మాట. ఎదుటివాడు మాట దగ్గర ఆగితే దాన్ని మీరు పూర్తి చేయకండి. కళ్లు తిప్పుకోకుండా ఎదురు చూడండి.

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీలో అధ్యాపకుడిని. వారానికి ఒక గంట కమ్యూనికేషన్ స్కిల్స్ పీరియడ్ ఇచ్చారు. క్లాసులో 60 మంది. ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడిస్తే సెమిస్టర్‌లో ఒక్కసారి కూడా అందరికీ వంతు రావడం లేదు. ఎలా చేయమంటారు?

మాస్టారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. వంతు రావాలని పట్టుబట్టడమే సగం పని.

ఒక్కొక్కరినీ పిలవకండి. నలుగురేసి చొప్పున 15 జట్లు చేయండి. జట్టులో ఒకరు నిలబడి రెండు నిమిషాలు మాట్లాడతారు, ముగ్గురు వింటారు. 15 జట్లూ ఒకేసారి మాట్లాడతాయి. గదంతా సంతలా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ గోలలో ఎవరినీ క్లాసంతా చూడడం లేదన్న ధైర్యం వస్తుంది, గొంతు పెంచక తప్పని పరిస్థితీ వస్తుంది. పది నిమిషాల్లో 60 మందీ మాట్లాడినట్టే. జట్లు మార్చి, అదే విషయం మళ్లీ చెప్పించండి. మూడోసారీ చెప్పించండి. మూడోసారికి వాళ్ల మాటలో వచ్చే మార్పు మీరే వింటారు. చివరి పావుగంటలో ఇద్దరు ముగ్గురు ఇష్టపడి వస్తే క్లాసు ముందు మాట్లాడించండి. బలవంతంగా ఎవరినీ లేపకండి.

వినేవాళ్లకు కూడా పని ఉండాలి. నలుగురిలో మాట్లాడడం సాధన చేసేందుకు రాల్ఫ్ స్మెడ్లీ 1924లో అమెరికాలో ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఒకరు సమయం చూస్తారు, ఒకరు "ఆ... అంటే..." అనే సాగదీతలు లెక్కపెడతారు, ఒకరు ప్రసంగం ఎలా ఉందో చెబుతారు. మంచి పద్ధతే. అయితే ఆ సాగదీతల లెక్క మొదటి నెలలో పెట్టకండి. నేను పెట్టి చూశాను. పిల్లలు ఎదుటి మనిషిని వదిలేసి తమ నోటిని తామే కాపలా కాయడం మొదలుపెట్టారు.

దానికి బదులు చీటీలు పంచండి. వినేవాళ్లు బాగుంది, బాగోలేదు అని రాయకూడదు. "నాకు అర్థమైంది ఇది" అని మాత్రమే రాసి, మాట్లాడినవాళ్ల చేతికివ్వాలి. తను చెప్పాననుకున్నదీ, ఎదుటివాళ్లకు అందిందీ ఒకటో కాదో పిల్లలు అక్కడికక్కడే చూసుకుంటారు. మీరు తప్పులు ఎంచే పనే ఉండదు. మార్కులు నాలుగో వారం దాకా వేయకండి. ఎవరు ఆగిపోయినా గదిలో నవ్వు లేవకుండా చూసే బాధ్యత మాత్రం పూర్తిగా మీదే. నా పత్రరంధ్రాల సంగతి పైన రాశాను, మళ్లీ చెప్పను.

నా తరగతిలో ఒకమ్మాయి నెల రోజుల చీటీలన్నీ దారంతో కుట్టి దాచుకుంది. మొదటి చీటీలో "ఏదో బ్యాటరీ గురించి చెప్పింది" అని ఉంది. చివరి దాంట్లో, ఆ బ్యాటరీ ఎందుకు వేడెక్కుతుందో ఎవరో నాలుగు వరసల్లో రాసి, కింద ఒక బొమ్మ కూడా గీసి ఇచ్చారు.